సెల్ఫ్ తిరగని లారీలో పులివెందులకు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందులకు లారీలో పోవాలనుకునేవాళ్ళు ఈమధ్య నన్ను దారి అడుగుతున్నారు. ఒకసారి పోయి వచ్చినవాణ్ణని ఎవరో చెప్పారట. దారి తప్పకుండా చెబుతాను. కానీ ఆ దారిలో నేను చేసిన పని కూడా చెప్పాలి. ఇన్నేళ్ళూ అడిగినవాళ్ళకు మైళ్ళూ మలుపులూ చెప్పి, ఆ సంగతి మాత్రం మింగేసి తప్పించుకుంటూ వచ్చాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, ఆంధ్రప్రదేశ్ ఇంకా కాకముందు, ఒక దసరా సెలవుల నాటి మాట ఇది. నేను ప్రొద్దుటూరు హైస్కూల్లో సైన్సు చెప్పే అయివారిని. మా బావకు ఒక లారీ ఉండేది. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేస్తే కొన్న పాత బండి. దాన్ని తోలే మస్తాన్‌కు అప్పటికే యాభై ఏళ్ళు దాటాయి. యుద్ధకాలంలో అస్సాం కొండల్లో అలాంటి బండ్లే తోలి వచ్చినవాడు. వీధిలో అందరిలాగే నేనూ ఆయన్ను మస్తాన్ మామా అనే పిలిచేవాణ్ణి. ఆ ఏడు ఆయుధపూజకు బండిని ముస్తాబు చేసే పని నేను నెత్తికెత్తుకున్నాను. మామ పొద్దున పల్లెకు పోయి ఉన్నాడు, సాయంత్రం పూజ వేళకు గానీ రాడు. ఆలోగా బండి అడుగునంతా సోడా నీళ్ళతో కడిగి, చాసిస్‌కు ఎర్ర రంగు రెండు పూతలు వేశాను. ఇంజనుకూ చాసిస్‌కూ మధ్య జడలాగా అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. మురికిపట్టి ఉందని దాన్ని విప్పి, ఇంట్లో ఇత్తడి దీపాలు తోమినట్టు చింతపండు పెట్టి తోమి, రంగు ఆరాక మళ్ళీ బిగించాను. బ్యాటరీ డబ్బాను కూడా రుద్ది రుద్ది కడిగి పసుపూ కుంకుమా పెట్టాను. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు పొంగిపోయింది.

పూజ అయిన మూడోనాడు బండి తియ్యబోతే సెల్ఫ్ మోటారు తిరగలేదు. నొక్కితే 'టక్' అంటుంది, అంతే. ఇంజను ముందు హ్యాండిలు వేసి తిప్పితే మాత్రం బండి స్టార్టవుతుంది. మా బావకు వెంటనే అనుమానం వచ్చింది. ఆ రోజుల్లో కొత్త బ్యాటరీలు అమ్ముకుని పాతవి పెట్టే డ్రైవర్ల కథలు లారీ ఓనర్లందరి నోళ్ళలోనూ ఉండేవి. "కొత్త బ్యాటరీ వేసి ఆర్నెల్లు కాల్యా. సెల్ఫ్ యాల తిరగదు? మస్తాను దాన్ని యాడన్నా అమ్ముకున్న్యాడేమో. నువ్వు సైన్సు చదివినోనివి. రేపు బండల లోడుకు పోతాండాడు, నువ్వూ ఎక్కి పోయిరా. నీ కంటితో చూసి చెప్పు. నువ్వు దొంగ అంటే ఆ పొద్దే మాన్పిస్తా" అన్నాడు. అలా ఒక మనిషి కూడు నా మాట మీద పెట్టి నన్ను లారీ ఎక్కించాడు. నేనూ ఏదో పెద్ద పరిశోధనకు పోతున్నవాణ్ణిలాగా ఎక్కి కూర్చున్నాను.

పొద్దున ఆరింటికి బయలుదేరాం. జమ్మలమడుగుకు పదమూడు మైళ్ళు. బస్సుకైతే అప్పట్లో పది అణాలు, ఇప్పుడు నయాపైసల్లో ఎంతో కనుక్కోండి. దారి పొడుగునా నల్లరేగడి, జొన్న చేలు, పత్తి చేలు. ముందురోజు వాన పడి ఉంటే మాత్రం ఈ దారిన లోడుతో పోకండి, చక్రం దిగితే ఎద్దులు వచ్చి లాగాల్సిందే. ఏడున్నరకు ఊళ్ళోకి చేరి బస్టాండు దగ్గరి హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిని టీ తాగాం. ఇద్దరికీ కలిపి ఆరణాలయింది. గండికోట చూడాలనుకునేవాళ్ళు ఇక్కడే దిగి జట్కా మాట్లాడుకోవచ్చు.

టీ తాగి వచ్చి మామ సెల్ఫ్ నొక్కాడు. 'టక్'. ఆయన నన్ను పిలిచాడు.

"అయివారూ, ఒకతూరి ఈ చోకు తీగ పట్టుకో. సెల్ఫ్ నొక్కినప్పుడల్లా ఉడుకుతాంది. ఇట్ల ఎప్పుడూ ల్యా."

నేను పట్టుకోలేదు. "ఇంజను పక్కనుండే తీగ ఉడకకుండా చల్లగా ఉంటుందా మామా?" అని నవ్వి, వేడి ఒక వస్తువులోంచి ఇంకో వస్తువులోకి ఎలా పాకుతుందో క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. "నాకు తెల్దప్పా, నువ్వు చదువుకున్నోనివి" అని దిగి హ్యాండిలు అందుకున్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

బండల గని ఊరికి రెండు మైళ్ళ అవతల ఉంది. పులివెందులలో ఎవరో ఇల్లు కట్టుకుంటుంటే నేల మీద పరవడానికి నల్ల బండలు కావాలి. కూలీలు పన్నెండు మంది, వాళ్ళకు మేస్త్రీ నాగన్న. లోడు ఎక్కించేసరికి తొమ్మిదిన్నర అయింది. మామ మళ్ళీ సెల్ఫ్ నొక్కాడు, మళ్ళీ అదే చప్పుడు. "ఏం మామా, దసరా పూజ చాల్లేదేమో బండికి?" అని నాగన్న ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. నాకెందుకో ఆ నవ్వు నా మీదే అనిపించింది. విసురుగా దిగి బ్యాటరీ పెట్టె మూత తీశాను. కొన్నప్పుడు మా బావ డబ్బా పక్కన సున్నంతో మూడు చుక్కలు పెట్టాడు. ఆ చుక్కలు లేవు.

"ఇది మా బావ కొన్న బ్యాటరీ కాదు. ఎక్కడ అమ్మావు దాన్ని?" అన్నాను. అందరికీ వినబడేటట్టే అన్నాను. మామా అనే మాట నా నోట రాలేదు.

ఆయనకు ముందు అర్థం కాలేదు. "ఏమంటాండావు అయివారూ?"

"గుర్తు లేదు. సెల్ఫ్ తిరగదు. ఇంకేం అనాలి?"

"నేనా? నేను అమ్ముకుంటినా?" అన్నాడు. చుట్టూ ఉన్న కూలీలను చూశాడు. ఏడెనిమిదేళ్ళుగా ఆ గనికి వస్తున్న మనిషి. అక్కడ ఆయన్ను మామా అనని వాడు లేడు.

నాగన్న నవ్వు ఆపి ముందుకు వచ్చాడు. "నోటికొచ్చినట్ల అనగాకు సారూ. అనుమానముంటే ప్రమాణం అడుగు. చేస్తే నమ్మల్ల. అంతేగానీ ఇదేం మాట?"

"చేయమను" అన్నాను.

గని పక్కనే పల్లె, పల్లె మొదట్లో పీర్ల చావిడి. మస్తాన్ మామ అటు నడిచాడు. మేమంతా వెనక పోయాం. ఆయన చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి, గడప మీద కుడిచెయ్యి పెట్టాడు. "ఈ బ్యాటరీ నేను అమ్మింటే, మార్చింటే, నా రెండు కండ్లూ పోవాల. మళ్ళ స్టీరింగు పట్టకూడదు నేను" అన్నాడు. మా సీమలో ప్రమాణం అయ్యాక ఇక ఆ మాట అక్కడితో సరి. అడిగినవాడు మళ్ళీ ఎత్తకూడదు. హిందువులైనా తురకలైనా ఆ గడప దగ్గర అందరికీ అదే కట్టుబాటు. నాకు తెలియనిది కాదు. కానీ నేను సైన్సు అయివారిని కదా. "ప్రమాణాలకు బ్యాటరీలు చార్జి కావు" అన్నాను.

ఒక్కరూ నవ్వలేదు. కూలీలు తలలు వంచుకుని గని వైపు నడిచారు. మామ తలగుడ్డ చుట్టుకుని, బండి దగ్గరికి వచ్చి, హ్యాండిలు తిప్పి స్టార్టు చేశాడు. ఇప్పటికీ పిల్లలకు విద్యుత్తు పాఠం చెబుతుంటే మధ్యలో ఆ మాట గుర్తొచ్చి నా చెవులు కాలిపోతాయి.

అక్కడి నుంచి పెన్న దాటి ముద్దనూరు పోవాలి. పదకొండున్నరకు చేరాం. పెట్రోలు, నీళ్ళు అక్కడే చూసుకోండి, తర్వాత దొరకవు. ముద్దనూరు దాటాక నేల ఎర్రబడుతుంది. రాళ్ళు, శెనగ చేలు, అక్కడక్కడా ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావులు. అన్నం తిందామా అని అడిగితే మామ బండి ఆపాడు గానీ తాను తినలేదు. దారంతా ఆయన నన్ను పేరుపెట్టో వరసపెట్టో ఏమనీ పిలవలేదు. పన్నెండు మైళ్ళు పోయాక ఒక వంక అడ్డం వచ్చింది. పారే నీళ్ళు జానెడే, కానీ ఇసుకలో లోడు బండి మూలిగి ఆగిపోయింది. మామ నీళ్ళలో నిలబడి హ్యాండిలు తిప్పాడు. నాలుగోసారో అయిదోసారో హ్యాండిలు ఎదురుతన్ని ఆయన మణికట్టుకు తగిలింది. చప్పుడు నాకు వినబడింది. కిందికి దిగి "దెబ్బ తగిలిందా?" అన్నాను. "ఏం ల్యా" అని తువ్వాలు చుట్టుకుని ఎడమచేత్తో తిప్పాడు. నేను తిప్పుతానని అనాలని కూడా నాకు తోచలేదు. తప్పు చేసినవాడు, దానికి శిక్ష పడుతోందనే అనుకున్నానేమో కూడా. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

పులివెందులకు మూడింటికి చేరాం. బస్టాండు వెనక ఓబులేసు అని ఒకాయన ఆయిల్ ఇంజను పెట్టి బ్యాటరీలు చార్జి చేసేవాడు. లారీల కరెంటు పని కూడా ఆయనదే. బ్యాటరీ పాతదని ఆయన నోటితో చెప్పించి, ఆ మాట పట్టుకుని బావ దగ్గరికి పోవాలని నా పథకం. ఓబులేసు బ్యాటరీ మూతలు విప్పి, గాజుగొట్టం ముంచి చూశాడు. "కొంచెం దిగింది గానీ శానా మంచి బ్యాటరీ ఇది. ఏడాది గూడ కాల్యా" అన్నాడు. పూజకు రుద్ది కడిగినప్పుడు సున్నం చుక్కలు పోయి ఉంటాయని అప్పుడు తట్టింది. కడిగింది నేనే.

తర్వాత ఆయన చేసిన పరీక్ష చెబుతాను, బండి ఉన్నవాళ్ళకు పనికొస్తుంది. ముందు పెద్దలైట్లు వేసి, సెల్ఫ్ నొక్కమన్నాడు. లైట్లు ఏమాత్రం తగ్గలేదు. "బ్యాటరీ ముసలిదైతే లైట్లు సచ్చిపోవాల గదా. ఇవి కదల్లేదు. అంటే బ్యాటరీలో కరెంటుంది గానీ పోయేదానికి దారి ల్యా" అన్నాడు. ఆ పైన ఒక లావు తీగ తెచ్చి, ఒక కొస ఇంజనుకూ ఇంకో కొస బ్యాటరీ ఎర్తుకూ ఆనించి పట్టుకుని, "నొక్కప్పా" అన్నాడు. సెల్ఫ్ గిర్రున తిరిగింది. పూజ అయ్యాక మొదటిసారి.

"ఇంజను ఎర్తు ల్యా దీనికి. చోకు తీగ ఉడకల్యా మీకు? కరెంటు ఇంగ యాడా దారి ల్యాక ఇంజనుకు తగులుకున్న ఆ సన్న తీగలో పడి పోతాంటాది" అన్నాడు ఓబులేసు. మస్తాన్ మామ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఓబులేసు బండి కిందికి దూరి, ఇంజను ఎర్తు కలిపే ఆ రాగి పట్టీ విప్పి, కింది నుంచే గట్టిగా నవ్వాడు. "ఎవురప్పా ఈడ రంగు పూసింది? బోల్టు కింద పావలా బిళ్ళంత మందం ఎర్ర రంగు! పట్టీ చూస్తే అద్దం మాదిరి మెరుస్తాంది!" రంగు మీద లోహం బిగిస్తే కరెంటు పోదు. వలయం ఎక్కడ తెగినా కరెంటు ఆగిపోతుందని ఏడేళ్ళుగా బోర్డు మీద గీసి చెబుతున్నవాణ్ణి నేను. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. పూజకు రంగు వేసింది నేనని మస్తాన్ మామకు తెలుసు. ఒక్క మాట అంటే చాలు. ఆయన అనలేదు, తువ్వాలు కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చివరికి నేనే "నేనే పూశాను" అన్నాను. "దేవునికి సరేగానీ, కరెంటుకు దారేది సారూ?" అని ఓబులేసు ఇంకా నవ్వాడు. కత్తితో రంగు గీకి, పట్టీ బిగించి, అర్ధరూపాయి తీసుకున్నాడు.

బండలు దించుతుండగా మామను టీ కొట్టు పక్కకు పిలిచి, "తప్పయింది మామా" అన్నాను, మెల్లగా.

"నన్ను నలుగుర్లో అనినావు అయివారూ. ఈడ చెవిలో చెప్తే యాడికి చాలుతాది? పోతా పోతా గని దగ్గర బండి ఆపుతా. ఆడ దిగి ఒక్క మాట చెప్పు. నాకింగేమీ వద్దు."

"తప్పకుండా" అన్నాను. నిజంగా చెప్పాలనే అన్నాను.

మరునాడు పొద్దున ఆరున్నరకు పులివెందులలో బయలుదేరాం. ఖాళీ బండి, దారి తెలిసిందే, పదిన్నరకే గని దగ్గరున్నాం. మామ బండి ఆపి ఇంజను కూడా ఆపేశాడు. "దిగు అయివారూ" అన్నాడు. కూలీలు కిటికీలోంచి కనబడుతున్నారు. నాగన్న బండ మీద కూర్చుని బీడీ తాగుతూ ఇటు చూశాడు. పూజకని బోల్టు కింద రంగు పూసి ఆ నేరం డ్రైవరు మీద వేశానని వాళ్ళ ముందు ఎలా చెప్పడం? వాళ్ళ పిల్లల్లో ఒకరిద్దరు ప్రొద్దుటూరు హాస్టల్లో ఉండి మా స్కూల్లోనే చదువుతున్నారు. తలుపు పిడి మీద చెయ్యి పెట్టాను. తియ్యలేదు. "పొద్దెక్కుతోంది మామా, బావ ఎదురుచూస్తుంటాడు. ఇంకోసారి వచ్చినప్పుడు చెబుతాలే" అన్నాను.

ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కొంతసేపు కూర్చున్నాడు. నేను మనసు మార్చుకుంటానని చూశాడని ఇప్పుడు తెలుస్తోంది. తర్వాత సెల్ఫ్ నొక్కాడు. ఒక్క నొక్కుకే బండి లేచింది.

ప్రొద్దుటూరులో తాళాలు మా బావ చేతిలో పెట్టి, "ఇంగ నేను రాలేనప్పా, వేరే మనిషిని చూసుకో" అని ఇంటికి పోయాడు. బావ నన్ను అడిగాడు, ఏమైందని. బ్యాటరీ మంచిదే, ఎక్కడో కనెక్షను వదులైతే బిగించామని చెప్పాను. అది అబద్ధం కాదు. అందులో నేను మాత్రం ఎక్కడా లేను. మంచి డ్రైవరు ఎందుకు పోయాడో బావకు అంతు చిక్కలేదు. బ్యాటరీ సంగతి బయటపడుతుందనే పోయి ఉంటాడని మా వీధిలో ఒకరిద్దరు అంటే విని, ఆ మాటకు కూడా అడ్డం చెప్పకుండా ఊరుకున్నాను.

నాలుగేళ్ళు గడిచాయి. పోయిన నెల బస్సెక్కి జమ్మలమడుగులో దిగి, రెండు మైళ్ళు నడిచి గనికి పోయాను. నాగన్న జుట్టు నెరిసింది గానీ ఆయనే మేస్త్రీ. నన్ను గుర్తుపట్టాడు. పనిలో ఉన్నవాళ్ళందరినీ పిలవమని, అందరి ముందూ చెప్పాను: బ్యాటరీ మారలేదు, తప్పు నా రంగుది, ఆ రోజు దిగి చెప్పాల్సినవాణ్ణి దిగలేదు, మస్తాన్ మామ దొంగ కాదు. అంతా విని నాగన్న బీడీ పారేశాడు.

"ఆయప్ప దొంగని మేమెవ్వరం అనుకోల్యా సారూ. ప్రమాణం చేసినంక ఇంగేం మాట? ఆ పొద్దు బండి పోయినంక మేం మాట్లాడుకున్నదంతా నీ గురించే" అన్నాడు.

నా మాట వల్ల అక్కడ మామ పరువు పోయిందని నాలుగేళ్ళూ కుమిలిపోయాను. ఆయన పరువుకేమీ కాలేదు. పోయింది ఎవరిదో, అక్కడి కూలీలకు పిల్లలతో సహా తెలుసు. ఆ రోజు ఆయన నన్ను దిగమన్నది తన కోసం ఎంత, నా కోసం ఎంత అని బస్సులో వస్తూ ఆలోచించాను, తేలలేదు. మామ ఇప్పుడు వేరేవాళ్ళ లారీ తోలుతున్నాడు. మణికట్టు వాన పడితే నొస్తుందని ఎవరో చెప్పారు. మా బావకు నిన్ననే అంతా చెప్పాను, ఆయన నాతో మాట్లాడటం లేదు. మస్తాన్ మామ ఇల్లు మా వీధికి రెండు ఫర్లాంగులు. పదిహేను మైళ్ళ దూరంలోని గనికి పోయి చెప్పగలిగినవాణ్ణి, ఆ రెండు ఫర్లాంగులు ఇంకా నడవలేదు. పాత లారీలో ఈ దారిన బయలుదేరేవాళ్ళకు నేను చెప్పగలిగిన ఉపాయం ఒక్కటే: రెండు గజాల లావు రాగి తీగ బండిలో పెట్టుకోండి. సెల్ఫ్ తిరగకపోతే ఆ తీగతో ఇంజనునూ బ్యాటరీ ఎర్తునూ కలిపి నొక్కి చూడండి, తిరిగితే ఎర్తు పట్టీ విప్పి బోల్టు కింద రంగూ తుప్పూ ఉన్నాయేమో గీకండి. అంతా కలిపి పావుగంట పని. అది అయ్యేదాకా డ్రైవరును ఏమీ అడగకండి.